ఏళ్ళ తరబడి మూలన పడ్డ బోటు ఇంజన్‌ని మళ్ళీ నడిపించడం ఎలా?

రెండు మూడేళ్ళుగా షెడ్డులో పడి ఉన్న ఇంజన్ మీది పట్టా తీయగానే ఎవరి చెయ్యయినా ముందు స్టార్టర్ తాడు మీదికే పోతుంది. ఒక్కసారి లాగి చూద్దాం, ప్రాణం ఉందో లేదో తెలిసిపోతుంది కదా అనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. సిలిండర్ గోడల మీది నూనె పొర ఎప్పుడో ఆరిపోయి ఉంటుంది. ఉప్పు గాలికి పిస్టన్ చుట్టూ ఉండే రింగులు తుప్పు పట్టి అతుక్కుని ఉంటాయి. ఆ పొడి గోడ మీద పిస్టన్‌ని బలంగా ఈడిస్తే గీతలు పడతాయి, లేదా రింగు విరిగిపోతుంది.

మాది కావలి దగ్గర సముద్రపు ఒడ్డు ఊరు. మా చిన్నాయన మోకాళ్ళ నొప్పులతో వేట మానేశాక ఆయన ఇంజన్ మూడేళ్ళు వసారాలో గోనెసంచి కప్పుకుని పడి ఉంది. వేట మొదలయ్యే రోజు దగ్గర పడిందని ఆయన కొడుకు, అతని స్నేహితులు కలిసి ఓ సాయంత్రం వంతులవారీగా తాడు లాగారు. మొదట బిగుసుకుని ఉన్నది ఒక్కసారిగా 'టక్' మని వదిలింది. అందరూ సంతోషపడ్డారు. ఆ చప్పుడు పై రింగు విరిగిన చప్పుడని హెడ్ విప్పాక తెలిసింది. విరిగిన ముక్క సిలిండర్ గోడను గోరుకి తగిలేంత లోతుగా గీరేసింది. రెండు స్పార్క్ ప్లగ్గులు, ఒక ఇంపెల్లర్ (నీళ్ళ పంపులో తిరిగే రబ్బరు రెక్కల చక్రం), కాస్త ఆయిల్‌తో పోవాల్సిన పని, సిలిండర్ లోపలి గోడను కోసి సాపు చేసే బోరింగ్ దాకా పోయింది. నేను అక్కడే ఉన్నాను, ఆపాలన్న సంగతి నాకు అప్పుడు తెలియదు. తెలిసినప్పటి నుంచి ఎవరడిగినా ఒకటే చెబుతాను: తాడు లాగడం చివరి పని.

ఇక్కడ చెప్పేది ఫైబర్ బోట్లకి వెనక తగిలించే 8 నుంచి 15 హార్స్‌పవర్ టూ-స్ట్రోక్ పెట్రోల్ ఇంజన్ల గురించి. పొడవాటి షాఫ్టు ఉండే డీజిల్ ఇంజన్ల పద్ధతి వేరు. పని తీరిగ్గా చేస్తే మూడు నాలుగు రోజులు పడుతుంది, స్పేర్లు తెప్పించాల్సి వస్తే ఇంకా ఎక్కువ. మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం ఉంటుంది కదా, దీనికి అంతకన్నా మంచి కాలం లేదు. జూన్ 14 సాయంత్రం మొదలుపెట్టి తెల్లారి నీళ్ళలో దింపాలనుకుంటే మాత్రం టెన్షన్‌లో ఏదో ఒకటి విరగ్గొడతారు.

ముందు కళ్ళతో చూడండి

ఇంజన్‌ని గట్టి స్టాండుకి గానీ, మందపాటి చెక్కకి గానీ నిలువుగా బిగించండి. పడుకోబెట్టి ఉంచిన ఇంజన్ అయితే, కింది గేరు భాగం కన్నా పై భాగం పల్లంలో పడకుండా చూసుకుంటూ లేపండి. లోపల మిగిలిన నీరు పొగ గొట్టం గుండా సిలిండర్లోకి జారే ప్రమాదం ఉంది.

పై కవర్ తీయండి. ఎలుకలు కొరికిన వైర్లు, కందిరీగల మట్టిగూళ్ళు, తెల్లగా పేరుకున్న ఉప్పు, రాగి కనెక్షన్ల మీద పచ్చటి చిలుము, ఇవన్నీ ఇప్పుడే కనిపిస్తాయి. ఏదీ విప్పకముందే సెల్‌ఫోన్‌తో నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసుకోండి. ఏ వైరు ఎటు పోయిందో, ఏ గొట్టం దేనికి తగిలిందో మూడో రోజుకి గుర్తుండదు. కనిపించిన ప్రతి నట్టుకీ, బోల్టుకీ తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వదిలేయండి. ఉప్పు పట్టిన బోల్టు అల్యూమినియంలో కరుచుకుని ఉంటుంది. ఈ రోజు స్ప్రే కొట్టి రేపు విప్పితే వస్తుంది, ఈ రోజే పానాతో బలం చూపిస్తే తల తెగుతుంది.

సిలిండర్‌కి నూనె

ప్లగ్గు క్యాపులు మెల్లగా తిప్పుతూ ఊడదీయండి, వైరు పట్టి లాగొద్దు. ప్లగ్గు మొదట్లో ఇసుక, ఉప్పు ఉంటే ముందు బ్రష్షుతో దులపండి, లేకపోతే ప్లగ్గు రాగానే అదంతా లోపలికి జారుతుంది. ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండర్లో రెండు మూడు టీస్పూన్ల టూ-స్ట్రోక్ ఆయిల్ పోసి, రంధ్రాలకి శుభ్రమైన గుడ్డ కుక్కి రాత్రంతా వదిలేయండి.

మర్నాడు గేరు న్యూట్రల్‌లో పెట్టి, గుడ్డలు తీసి, పైనున్న బరువైన చక్రం, అదే ఫ్లైవీల్‌ని చేత్తో తిప్పండి. చాలా ఇంజన్లు పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు తిరుగుతాయి. ఎప్పుడూ అటే తిప్పండి, వెనక్కి తిప్పితే నీళ్ళ పంపులోని రబ్బరు రెక్కలు ఎదురు మడత పడతాయి. మెత్తగా తిరిగితే సంతోషం. తిరగకపోతే డీజిల్, ఆటోమేటిక్ కార్ల గేర్లకి వాడే ఏటీఎఫ్ ఆయిల్ సగం సగం కలిపి సిలిండర్లో పోసి రెండు మూడు రోజులు ఆగండి. రోజుకి రెండుసార్లు ఫ్లైవీల్‌ని కదిలించి చూడండి. అప్పుడు మాత్రం అటూ ఇటూ వెంట్రుకవాసి ఊపినా తప్పులేదు, పంపు రబ్బరు ఎలాగూ మార్చేదే. వారం గడిచినా కదలకపోతే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళండి. లోపలికి ఉప్పునీరు వెళ్ళి క్రాంక్ బేరింగులు పట్టేసి ఉండవచ్చు, అది ఇంట్లో చేసే పని కాదు.

కంప్రెషన్, అంటే సిలిండర్లో పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడి, ఎంతుందో గేజ్‌తో చూస్తే మంచిది. కావలి, ఒంగోలు, నెల్లూరు ఎక్కడైనా బైకు మెకానిక్కుల దగ్గర గేజ్ ఉంటుంది, కాసేపు అడిగి తెచ్చుకోండి. రెండు సిలిండర్లలోనూ వంద పీఎస్ఐకి అటూ ఇటూ వస్తే ధైర్యంగా ముందుకు పోవచ్చు. పెట్రోలుతో స్టార్టయి కిరోసిన్‌తో నడిచే మోడళ్ళలో ఇంకొంచెం తక్కువే ఉంటుంది. అంకె కన్నా తేడా ముఖ్యం. ఒకదానికీ మరొకదానికీ పది శాతం మించి తేడా ఉంటే తక్కువున్న దాంట్లో రింగులో, గాస్కెట్టో పోయినట్టే. అది తేలకుండా మిగతా వాటి మీద డబ్బు పెట్టకండి.

కరెంటు వస్తోందా

కొత్త ప్లగ్గులే కొనండి. పాతవి తుడిచి వాడితే తర్వాత ఏ లోపం దేనివల్ల వచ్చిందో అర్థం కాదు. యమహా 15 హార్స్‌పవర్ టూ-స్ట్రోక్‌కి సాధారణంగా ఎన్‌జీకే బీ7హెచ్ఎస్-10 వాడతారు, గ్యాప్ 0.9 నుంచి 1 మిల్లీమీటరు. మీ ఇంజన్ నంబరు షాపులో చూపించి సరైనదే తీసుకోండి.

ప్లగ్గుని క్యాపులో పెట్టి, దాని ఇనుప భాగం ఇంజన్ శరీరానికి ఆనేలా క్లిప్పుతో ఉంచండి. సిలిండర్ రంధ్రానికి దూరంగా పెట్టాలి, దగ్గర్లో పెట్రోలు ఉండకూడదు. ఇప్పుడు తాడు లాగవచ్చు. ప్లగ్గులు బయటే ఉన్నాయి, సిలిండర్లలో నూనె ఉంది, కాబట్టి హాని లేదు. రంధ్రాల్లోంచి నూనె ఎగజిమ్ముతుంది, మొహం పక్కకి పెట్టుకుని, రంధ్రాల మీద గుడ్డ కప్పండి. నీడలో చూస్తే నీలం రంగు నిప్పురవ్వ చటుక్కున కనిపించాలి. పసుపు రంగులో నీరసంగా వస్తే కరెంటు బలహీనంగా ఉన్నట్టు.

అసలు రాకపోతే, ప్లగ్గుకి కరెంటు ఇచ్చే కాయిల్ పోయిందని కంగారుపడకండి. ముందు ఎర్ర స్టాప్ స్విచ్ దగ్గర చేతికి కట్టుకునే తాడు క్లిప్పు ఉందో లేదో చూడండి. ఆ క్లిప్పు లేకపోతే ఇంజన్‌కి కరెంటు రాదు. ఒక బోటు వాళ్ళు కొత్త కాయిల్ కొనడానికి మనిషిని బస్సెక్కించాక, గోడకి మేకున వేలాడుతున్న క్లిప్పు కనిపించింది. క్లిప్పు పెట్టినా రాకపోతే స్విచ్ వైర్లు, ఇంజన్ శరీరానికి కలిపే ఎర్త్ వైరు విప్పి, చిలుము ఎమ్రీ పేపర్‌తో గీకి, మళ్ళీ బిగించండి. ఉప్పు గాలికి వచ్చే లోపాల్లో చాలా వరకు అక్కడే పోతాయి. ఫ్లైవీల్ కింద ఉన్న కాయిళ్ళ దాకా పోవాల్సి వస్తే ఫ్లైవీల్‌ని పైకి లాగి ఊడదీసే పుల్లర్ అనే పనిముట్టు కావాలి. సుత్తితో కొట్టి ఫ్లైవీల్ ఊడదీయబోతే దాని అయస్కాంతాలు పగులుతాయి.

పాత పెట్రోలు, కార్బొరేటర్

ట్యాంకులో మిగిలిన పాత పెట్రోలు ఒక్క చుక్క కూడా వాడొద్దు. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్లో ఇథనాల్ 20 శాతం దాకా ఉంటోంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మన తీరంలో తేమకేం కరువు? నెలల తరబడి నిలవ ఉంటే ఇథనాల్, నీరు కలిసి అడుగుకి చేరి విడిపోతాయి. ఒక గాజు సీసాలో పోసి కాసేపు ఉంచితే అడుగున వేరే పొర కంటికే కనిపిస్తుంది. ఇంజన్‌కి మొదట అందేది ఆ అడుగు పొరే. దాన్ని ఇసుకలోనో నీళ్ళలోనో పారబోయకుండా మూత ఉన్న డబ్బాలో పట్టి, పాత ఆయిల్ తీసుకునే గ్యారేజీకి ఇవ్వండి.

ట్యాంకుని కొత్త పెట్రోలుతో కడిగి ఆరబెట్టండి. గొట్టాన్ని రెండు చేతులతో వంచి చూడండి, పగుళ్ళు కనిపించినా, కట్టెలా బిగిసినా మార్చేయండి. చేత్తో పిసికే పంపు బంతి మీద బాణం గుర్తు ఇంజన్ వైపే ఉండాలి. రెండు చివర్ల క్లిప్పుల్లో ఉండే చిన్న రబ్బరు రింగులు ఎండిపోతే ఇంజన్ అక్కడ పెట్రోలుకి బదులు గాలి పీలుస్తుంది.

ఇక పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజన్‌కి అందించే కార్బొరేటర్. ఎక్కువ ఇంజన్లు స్టార్ట్ కాకపోవడానికి కారణం ఇదే, ఓపిగ్గా చేస్తే మీరే చేసుకోగల పని కూడా ఇదే. విప్పి, కింది గిన్నె స్క్రూలు తీయండి. గిన్నె అడుగున తుమ్మ జిగురులాంటిది ఒకటి కనిపిస్తుంది. పెట్రోలు ఆవిరైపోగా మిగిలిన గసి అది. తేనె రంగులో ఉంటుంది, గోరుతో గీకితే పొరలుగా లేస్తుంది. గిన్నెలో ఇంత ఉందంటే, పెట్రోలు వెళ్ళే, గుండుసూది కన్నా సన్నగా ఉండే జెట్టు రంధ్రంలో ఏముంటుందో ఊహించండి.

ఇత్తడి జెట్లను సరిపోయే స్క్రూడ్రైవర్‌తోనే విప్పండి. వదులు స్క్రూడ్రైవర్ పెడితే మెత్తటి ఇత్తడి గాడి చెరిగిపోయి, ఇక రాదు. గాలి స్క్రూ విప్పేముందు దాన్ని మెల్లగా లోపలికి బిగిస్తూ ఎన్ని చుట్లకి ఆగిందో లెక్కపెట్టి రాసుకోండి, తిరిగి పెట్టేటప్పుడు అన్నే చుట్లు వెనక్కి తిప్పాలి. భాగాలన్నీ కార్బొరేటర్ క్లీనర్‌లో నానబెట్టి, తీసి గాలి కొట్టండి. కళ్ళకి అద్దాలు పెట్టుకోండి, ఆ ద్రవం ఎదురు చిమ్ముతుంది. జెట్టుని వెలుతురుకి ఎత్తి పట్టి చూస్తే గుండ్రటి చుక్క స్పష్టంగా కనపడాలి. ఇంకా మూసుకునే ఉంటే కరెంటు వైరులోని ఒక్క రాగి పోగు తీసి పొడవండి. సూదితో, గుండుసూదితో పొడిస్తే రంధ్రం పెద్దదైపోతుంది, ఆ తర్వాత ఇంజన్ సక్రమంగా నడవదు. గిన్నెలో పెట్రోలు మీద తేలే ఫ్లోట్ బోలుగా ఉండేదైతే చెవి దగ్గర పెట్టి ఊపండి, లోపల చప్పుడైతే పెట్రోలు దూరినట్టు, మార్చాల్సిందే. గాస్కెట్లు, పెట్రోలు పంపులోని రబ్బరు పొర కొత్తవి వేయండి.

కొత్త పెట్రోల్లో ఆయిల్ మీ ఇంజన్ పుస్తకంలో చెప్పిన పాళ్ళలో కలపండి. చాలావాటికి 50:1, అంటే లీటరుకి 20 మిల్లీలీటర్లు, ఐదు లీటర్లకి 100. బోటు ఇంజన్లకి టీసీ-డబ్ల్యూ3 అని రాసి ఉండే ఆయిలే వాడాలి. స్కూటర్ ఆయిల్ గాలికి చల్లబడే ఇంజన్ల కోసం చేసింది, నీళ్ళతో చల్లబడే వీటికి సరిపడదు.

నీళ్ళ పంపు, దీన్ని వదిలేయకండి

ఇంజన్ ఒకప్పుడు బాగానే నడిచింది కదా, పంపు ఎందుకు విప్పాలి అని చాలామంది అడుగుతారు. రబ్బరు ఇంపెల్లర్ ఏళ్ళ తరబడి ఒకే చోట మడిచిపెట్టినట్టు ఉంటుంది. నేను విప్పినవాటిలో రెక్కలన్నీ ఒక పక్కకి వాలిపోయి, వాడిన బంతిపువ్వులా అయిపోయినవే ఎక్కువ. వేలితో నిటారుగా లేపితే మళ్ళీ మెల్లగా వాలిపోతాయి. కొన్ని మొదలుకంటా పగిలి ఉంటాయి. అది నీళ్ళు తోడలేదు. నీళ్ళు అందకపోతే ఇంజన్ కొద్ది నిమిషాల్లోనే మాడిపోతుంది.

కింది గేరు భాగాన్ని పట్టి ఉంచే బోల్టులు విప్పి, గేరు మార్చే కడ్డీ జాయింటు ఎక్కడుందో చూసుకుని విడదీసి, మొత్తం కిందికి లాగండి. రాకపోతే రబ్బరు సుత్తితో పక్కల తట్టండి, స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తొద్దు, అంచులు పాడవుతాయి. పంపు డబ్బా బోల్టులు మరీ జాగ్రత్తగా తీయండి. బిగిసి ఉంటే వేడి నీళ్ళు పోస్తూ, కొంచెం వెనక్కి, కొంచెం ముందుకి తిప్పుతూ తీయాలి.

ఇంపెల్లర్‌ని షాఫ్టుకి పట్టి ఉంచే చిన్న ఇనుప తాళం ఒకటుంటుంది. అది జారి ఇసుకలో పడితే పని ఆగిపోయినట్టే, అందుకే ఈ పని కింద బట్ట పరిచి చేయండి. కొత్త ఇంపెల్లర్ వేసేటప్పుడు ఆ తాళానికి కాస్త గ్రీజు పూస్తే షాఫ్టుకి అతుక్కుని ఉంటుంది. రెక్కలకి సబ్బు నీళ్ళు రాసి, షాఫ్టుని కుడివైపుకి తిప్పుతూ పైడబ్బాని కిందికి దింపితే రెక్కలు తిరగాల్సిన వైపుకే మడతపడతాయి. డబ్బా లోపలి స్టీలు గోడ మీద లోతు గాట్లు ఉంటే అదీ మార్చాలి. షాఫ్టు పళ్ళకి పక్కల గ్రీజు పూయండి, పై కొసన మాత్రం వద్దు. అక్కడ గ్రీజు ఇరుక్కుంటే షాఫ్టు పూర్తిగా లోపలికి పోదు.

గేర్ ఆయిల్, ఫ్యాను

కింది స్క్రూ ముందు, పై స్క్రూ తర్వాత విప్పి పాత ఆయిల్ గిన్నెలో పట్టండి. నల్లగా వస్తే పర్వాలేదు. పాల టీ రంగులో వస్తే నీళ్ళు కలిశాయి, షాఫ్టు చుట్టూ నీళ్ళు లోపలికి రాకుండా ఆపే సీలు పోయింది. ఆ సీలు పోవడానికి మన దగ్గర ముఖ్య కారణం వల దారం. ఫ్యాను (ప్రొపెల్లర్) విప్పి షాఫ్టు చుట్టూ చూడండి. నైలాన్ దారం చుట్టుకుని, వేడికి కరిగి, గట్టి రింగులా అయిపోయి ఉంటుంది. బ్లేడుతో షాఫ్టుకి గీత పడకుండా కోసి తీసేయండి. కొత్త సీలు వేయించి, షాఫ్టుకి గ్రీజు రాసి ఫ్యాను పెట్టి, కొత్త పిన్ను వేయండి.

కొత్త గేర్ ఆయిల్ కింది రంధ్రం నుంచే ఎక్కించాలి. పై రంధ్రం నుంచి ఆయిల్ బయటికి వచ్చాక ముందు పైది మూసి, ఆ తర్వాత కిందిది మూయండి. పైనుంచి పోస్తే మధ్యలో గాలి బుడగ నిలిచిపోతుంది. ఇంజన్‌కి బదులు తాను తుప్పుకి తినుకుపోయేలా బిగించే జింక్ ముక్క సగానికి పైగా తినుకుపోతే మార్చండి, దాని మీద రంగు వేయకండి. రంగు వేస్తే అది పనిచేయదు, తుప్పు ఇంజన్‌ని తింటుంది.

ఇప్పుడు తాడు లాగండి

200 లీటర్ల డ్రమ్ములో మంచినీళ్ళు నింపి, ఫ్యాను పైనుండే అడ్డపలక మునిగేదాకా ఇంజన్‌ని దింపి గట్టిగా బిగించండి. డ్రమ్ములో పరీక్షించేటప్పుడు ఫ్యాను తీసేస్తే మంచిది. ఆరుబయటే పెట్టండి, మూసిన షెడ్డులో పొగ ప్రాణం తీస్తుంది. నీళ్ళు లేకుండా "ఒక్క సెకను" కూడా నడపొద్దు, కొత్త రబ్బరు అక్కడే కాలిపోతుంది.

ట్యాంకు మూత మీది గాలి స్క్రూ వదులు చేయండి. బంతి గట్టిపడేదాకా పిసకండి. క్లిప్పు పెట్టి, న్యూట్రల్‌లో, చోక్ లాగి, తాడు బిగువు తగిలేదాకా మెల్లగా లాగి, అక్కడి నుంచి ఒక్క ఊపున లాగండి. ఐదారు సార్లు పట్టవచ్చు. అంటుకోగానే చోక్ మెల్లగా లోపలికి తోయండి. సిలిండర్లో పోసిన నూనె కాలేదాకా తెల్లటి పొగ కమ్ముతుంది, భయపడకండి.

కళ్ళు మాత్రం వెనకనున్న చిన్న రంధ్రం మీదే ఉండాలి. అర నిమిషం లోపల అక్కడి నుంచి నీళ్ళు ధారగా రావాలి. రాకపోతే వెంటనే ఆపి, రంధ్రంలో సన్నటి తీగ పెట్టి తిప్పండి, కందిరీగ మట్టి ఉంటుంది. అయినా రాకపోతే పంపు మళ్ళీ విప్పాల్సిందే.

అంటుకుని ఆగిపోతుంటే బంతిని చేత్తో పిసుకుతూ చూడండి. పిసికినంతసేపూ నడిచి, వదలగానే ఆగితే పెట్రోలు పంపు పొరలోనో, గాలి పీల్చే గొట్టంలోనో లోపం ఉంది. ఒక సిలిండరే కొడుతున్నట్టనిపిస్తే ఆపి ప్లగ్గులు విప్పండి, తడిగా ఉన్నది పనిచేయనిది. అంతా బాగుంటే పది నిమిషాలు నెమ్మదిగా నడిపి, ఆపి, చల్లారాక మళ్ళీ స్టార్ట్ చేయండి. కిరోసిన్ మోడలైతే పెట్రోలు మీద వేడెక్కాకే కిరోసిన్‌కి మార్చండి, ఆపేముందు మళ్ళీ పెట్రోలుకి రండి.

మొదటిసారి నీళ్ళలోకి తీసుకెళ్ళేటప్పుడు అలల్లోకి వద్దు. కృష్ణపట్నం వైపు వాళ్ళకి కండలేరు ఉప్పుటేరు ఉంది, చాలా ఊళ్ళకి బకింగ్‌హామ్ కాలువ దగ్గరే. కొత్తపట్నం, పాకల లాంటి చోట్ల ఒడ్డు నుంచి నేరుగా సముద్రంలోకే దిగాలి కాబట్టి, అక్కడి వాళ్ళు ఇంజన్‌ని ఏదో ఒక కాలువకి మోసుకెళ్ళయినా ముందు పరీక్షించండి. అలలు విరిగేచోట ఇంజన్ ఆగితే బోటు అడ్డం తిరిగి బోల్తా పడుతుంది. తెడ్లు, లంగరు, లైఫ్ జాకెట్లు, తోడుగా ఇంకో మనిషి ఉండాలి. అరగంట సగం వేగంతో నడిపి, చివర్లో ఒక్క నిమిషం పూర్తి వేగం చూడండి.

ఒడ్డుకి రాగానే మంచినీళ్ళ డ్రమ్ములో పది నిమిషాలు నడిపి ఉప్పు కడిగి, పెట్రోలు గొట్టం పీకి, కార్బొరేటర్లో ఉన్నది అయిపోయి దానంతటదే ఆగేదాకా వదిలేయండి. మర్నాడు పొద్దున గేర్ ఆయిల్ కింది స్క్రూ కొద్దిగా వదులు చేసి రెండు చుక్కలు వేలి మీద పట్టి చూడండి. రంగు మారలేదంటే స్క్రూ బిగించి, వలలు ఎక్కించుకోండి.